పెరట్లో పది కోళ్లు నిలవాలంటే: గూడు నుంచి టీకా దాకా

"పది కోళ్లు పెంచాం. బాగానే ఉన్నాయి. ఒక్క వారంలో అన్నీ పోయాయి. ఏం తప్పు చేశాం?" దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట వైపు నుంచి నన్ను అడిగేవారిలో ఎక్కువమంది ఈ మాటతోనే మొదలుపెడతారు. మేత ఏం వేయాలి, గూడు ఎంత ఉండాలి అనే ప్రశ్నలు ఆ తర్వాతే వస్తాయి.

పొద్దున గూడు తలుపు తీసిన అరగంటకు మీ కోళ్లు మీ పెరట్లో ఉండవు. పక్కింటి పెంట దిబ్బ మీద, ఎదురింటి కల్లంలో, బోరింగు దగ్గరి బురదలో ఉంటాయి. వాడలోని కోళ్లన్నీ కలిసి మేసేది అక్కడే, రోగాన్ని అంటించుకునేదీ అక్కడే. కాబట్టి మేత, గూడు మీ ఇంటి పని. రోగం రాకుండా చూసుకోవడం మాత్రం వాడ అంతా కలిసి చేయవలసిన పని. కింద చెప్పిన వాటిలో ఏది వదిలేసినా తొమ్మిదో భాగాన్ని మాత్రం వదలకండి.

1. ముందు తేల్చుకోవలసినవి

మొదటిసారి పెంచేవారు ఎనిమిది లేదా పది పెట్టలతో, ఒక్క పుంజుతో మొదలుపెట్టండి. ఆ పది పెట్టలకు ఒక పుంజు చాలు. రెండు పుంజులు ఉంటే ఒకదాన్నొకటి తరుముకోవడంతోనే రోజు గడుస్తుంది, పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతాయి.

గుడ్లు కావాలా, మాంసం కావాలా, ఇంట్లోనే పిల్లలు చేయించుకోవాలా అన్నది తేల్చుకుంటే ఏ జాతి అన్నది దానంతట అదే తేలుతుంది.

నాటు కోడి ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడుతుంది. అయితే తానే పొదుగుతుంది, పిల్లలను తిప్పుతుంది, గద్ద నీడ పడగానే గుర్తుపడుతుంది. మన ఎర్రచెలకల్లో తన తిండి చాలావరకు తానే వెతుక్కుంటుంది.

వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన రకాలు. రాజశ్రీని అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం అందించింది. గుడ్ల కోసమైతే గ్రామప్రియ మంచిది. పెరట్లోనూ ఏడాదికి 150కి పైగా పెడుతుంది. వనరాజా బరువు బాగా పెరుగుతుంది, గుడ్లు తక్కువ. ఆ బరువు వల్లే కుక్క వెంటపడితే పరుగెత్తలేదు.

ఈ రకాలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు చేయించినా ఆ పిల్లలకు తల్లి గుణాలు పూర్తిగా రావు. కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త పిల్లలను కొనుక్కోవలసిందే. మొదటిసారికి నా సలహా నాటు కోళ్లే. ఏడాది అనుభవం వచ్చాక పది గ్రామప్రియలు కలుపుకోండి.

పిల్లల కోసం నల్గొండ జిల్లాలో కంపాసాగర్, నాగర్‌కర్నూల్ జిల్లాలో పాలెం, వనపర్తి జిల్లాలో మదనాపురం, సూర్యాపేట జిల్లాలో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలను అడగవచ్చు. ఏ రకం ఎక్కడ దొరుకుతుందో, ఎప్పుడు ఇస్తారో వారు చెబుతారు. ముందు ఫోను చేసి, ఆ తర్వాతే బస్సెక్కండి.

2. అంగడిలో కొనేటప్పుడు

చాలామంది కోళ్లను పోగొట్టుకునేది ఇక్కడే. నేనూ అలాగే పోగొట్టుకున్నాను. ఒక దసరా ముందు వారం అంగడిలో రెండు అందమైన పెట్టలు కొని, ఆ సాయంత్రమే గూట్లో వదిలాను. ఐదో రోజుకు ఒకటి మెడ తిప్పడం మొదలుపెట్టింది. పదో రోజుకు ఇరవై ఒక్క కోళ్లలో నాలుగు మిగిలాయి. నా కోళ్ల నుంచి పక్కింటి కోళ్లకు పాకింది. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి:

- కళ్లు నిండుగా తెరిచి ఉండాలి, మూలల్లో నురగ గానీ నీరు గానీ ఉండకూడదు.
- ముక్కు రంధ్రాలు పొడిగా ఉండాలి. ముక్కు మూసి ఉండి నోటితో ఊపిరి తీసుకునే కోడి వద్దు.
- వెనుక భాగంలో ఈకలకు రెట్ట అంటుకుని ఉండకూడదు.
- రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటే కోడి చిక్కిపోయిందని అర్థం.
- రెక్క కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలు చూడండి.
- కాళ్ల పొలుసులు నున్నగా ఉండాలి. గరుకుగా లేచి ఉంటే లోపల పురుగు ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొన్న కోడిని 21 రోజులు విడిగా ఉంచండి. ఇంటికి మరోవైపున గంప కిందో, వేరే గదిలోనో పెట్టి, దాని నీళ్ల మూకుడు కూడా వేరు చేయండి. ముందు పాత కోళ్లకు మేత వేసి, చివరగా కొత్తదాని దగ్గరికి వెళ్లండి. రోగం లోపల ఉంటే ఆ మూడు వారాల్లో బయటపడుతుంది.

21 రోజుల తర్వాత పగటిపూట కలపకండి. చీకటి పడ్డాక నిద్రలో ఉన్న కోళ్ల పక్కన దండె మీద కూర్చోబెట్టండి. తెల్లవారాక కొంత పొడుచుకుంటాయి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని తేల్చుకోవడం వాటి పద్ధతి. రక్తం రానంతవరకు మీరు మధ్యలోకి వెళ్లవద్దు. రెండు మూడు రోజులు మేత రెండు చోట్ల వేస్తే కొత్తదానికీ తిండి దొరుకుతుంది.

3. గూడు

రాత్రి పడుకోవడానికే గూడు. పగలంతా బయటే తిరుగుతాయి కాబట్టి కోడికి ఒకటిన్నర, రెండు చదరపు అడుగులు సరిపోతాయి. పది కోళ్లకు ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గూడు కట్టుకోండి.

- నేల నుంచి రెండడుగుల ఎత్తున నాలుగు కాళ్ల మీద నిలబెట్టండి. తేమ, పందికొక్కు, ముంగిస చాలావరకు దూరమవుతాయి.
- పొడవు వైపు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండాలి. అప్పుడు ఉదయం, సాయంత్రం ఎండ నేరుగా లోపలికి కొట్టదు.
- కప్పుకు రేకు వేస్తే దాని మీద తాటి కమ్మలు గానీ గడ్డి గానీ మందంగా పరచండి. మే నెలలో ఉత్త రేకు కింద గూడు పెనంలా కాలుతుంది.
- గోడల పైసగం సన్న కళ్ల జాలీ ఉండాలి. పెద్ద కళ్ల జాలీ కోడిని బయటికి పోనివ్వదు గానీ పామును లోపలికి రానిస్తుంది.
- లోపల అడుగున్నర ఎత్తున గుండ్రటి దండె కర్రలు కట్టండి. కోడికి ఒక జానెడు చోటు.
- గుడ్లు పెట్టడానికి నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉండి, చీకటి మూలలో పొడి గడ్డితో ఉండాలి.
- తలుపుకు గొళ్లెం తప్పనిసరి. దారంతో కట్టిన తలుపును జంగపిల్లి ఒక్క రాత్రిలో తెరుస్తుంది.

ఎక్కువగా కనబడే తప్పు, చలి అని గూడును అన్ని వైపులా గోనె సంచులతో మూసేయడం. రెట్ట నుంచి లేచే ఘాటు వాసన లోపలే నిలిచి, కళ్లు, ఊపిరి దెబ్బతింటాయి. మీరు తల లోపల పెట్టినప్పుడు ముక్కు మండితే కోడికి రాత్రంతా మండినట్టే. గాలి వీచే ఒక్క వైపు మాత్రమే మూయండి.

ఇంకో తప్పు, గూటి చెక్కల సందులను పట్టించుకోకపోవడం. పగలు ఆ సందుల్లో దాగే పిడుదులు రాత్రి బయటికి వచ్చి రక్తం తాగుతాయి. కోడి మీద వెతికితే కనబడవు. నెలకోసారి మధ్యాహ్నం గూడు ఖాళీ చేసి, సందుల్లోకి వేడి సున్నం నీళ్లు పోసి, ఎండనివ్వండి.

4. కోడిపిల్లల మొదటి ఆరు వారాలు

తల్లికోడి తిప్పే పిల్లలకు ఇదేమీ అవసరం లేదు. కొని తెచ్చిన పిల్లలకు తల్లి వెచ్చదనం మీరే ఇవ్వాలి.

అట్టపెట్టె గానీ, గుండ్రంగా వంచిన రేకు గానీ తీసుకుని, లోపల రెండంగుళాల మందం వరి ఊక వేసి, మొదటి రెండు రోజులు పైన కాగితం పరచండి. కాగితం లేకపోతే పిల్లలు ఊకనే తింటాయి. 25 పిల్లలకు 60 వాట్ల పాత రకం బల్బును అడుగు పైన వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. ఈ ఒక్క పొరపాటుతో చలికాలం రాత్రి పిల్లలన్నీ చనిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

మొదటి వారం పిల్లల వీపు దగ్గర దాదాపు 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా అంచులకు పోయి రెక్కలు చాపితే వేడి. అన్ని చోట్లా పరుచుకుని తింటూ, పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉంది.

కరెంటు పోతే కుంపటి పెట్టే అలవాటు ఉంది. మూసిన గదిలో బొగ్గు పొగ పిల్లలనే కాదు, మనుషులనూ చంపుతుంది. దానికి బదులు వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టండి.

తెచ్చిన వెంటనే ముందు నీళ్లు, తర్వాత మేత. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ముంచి రుచి చూపించండి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. నాలుగు వారాల దాకా దుకాణంలో దొరికే పిల్లల మేతే వాడండి. ఆ వయసులో ఇంటి మేతతో పొదుపు చేస్తే కాళ్లు బలహీనపడతాయి.

5. మేత

నాలుగు వారాలు దాటిన పిల్లలకు 10 కిలోల మేత ఇలా కలుపుకోవచ్చు:

- మొక్కజొన్న రవ్వ లేదా జొన్న, నూకల మిశ్రమం: 5.5 కిలోలు
- సోయా చెక్క: 3 కిలోలు
- తవుడు: 1.2 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం: 250 గ్రాములు
- ఉప్పు: 30 గ్రాములు, అంతకు మించకూడదు

పెద్ద కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. బయట తిరిగే కోడికి అందులో 30 నుంచి 50 గ్రాములు మీరు ఇస్తే చాలు. దానిలో ఎక్కువ భాగం సాయంత్రం వేయండి. పొద్దున కడుపు నిండా పెడితే దిబ్బ గీకడం మానేస్తాయి. సాయంత్రం ఒకే వేళకు, ఒకే డబ్బా చప్పుడుతో వేస్తే వారంలో అలవాటు పడి చీకటి పడకముందే ఇంటికి చేరతాయి. గద్ద, కుక్క, దొంగల బెడద సగం తగ్గేది ఈ అలవాటుతోనే.

తోటకూర, మునగాకు తరిగి వేయండి. చెదపురుగులు మంచి మాంసకృత్తులు. పాత కుండలో తడిపిన గడ్డి, ఎండు పేడ నింపి సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే, మర్నాడు పొద్దున కుండ నిండా పురుగులు ఉంటాయి. ఇంటి గోడకు దూరంగా బోర్లించండి. మందు చల్లిన చోట మాత్రం ఈ పని చేయకూడదు.

గుడ్లు పెట్టే కోళ్లకు సున్నం కావాలి. వాడిన గుడ్ల పెంకులను కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేడి చేసి, మెత్తగా నలిపి మేతలో కలపండి. పెంకును ముక్కలుగానే వేస్తే గుడ్డు రుచి తెలిసి తమ గుడ్లనే పొడుచుకు తినడం మొదలుపెడతాయి.

మన జిల్లాల్లో కోళ్లను చంపే మేతలు కూడా తెలుసుకోవాలి:

- ఆముదం గింజలు, ఆముదం చెక్క. రెండూ విషమే. ఆముదాలు ఆరబోసిన కల్లంలోకి కోళ్లను పోనివ్వకండి.
- మందు పట్టించిన పత్తి, మొక్కజొన్న, పల్లి విత్తనాలు. వాటికి గులాబీ, నీలం వంటి రంగు ఉంటుంది. విత్తే రోజుల్లో ఖాళీ సంచులను పెరట్లో దులపకండి.
- బూజు పట్టిన పల్లికాయ, మొక్కజొన్న. మనం తినలేనివి కోళ్లకు వేద్దామనుకుంటాం. ఆ బూజులోని విషం కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. కడిగినా, ఎండబెట్టినా పోదు.
- పచ్చళ్ల అడుగులు, ఉప్పు ఎక్కువున్న కూరలు.
- ఎలుకల మందు, దాన్ని తిని చచ్చిన ఎలుక.

పత్తి చేనుకు మందు కొట్టే రోజుల్లో, ఆ చేను మీ ఇంటి వెనుకే ఉంటే, కోళ్లను మూడు నాలుగు రోజులు మూసి ఉంచి మేపండి.

6. నీళ్లు, ఎండాకాలం

కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది. ఎండాకాలంలో దానికి రెట్టింపు. మట్టి మూకుడు నీడలో పెట్టి, రోజూ కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. పాచి పట్టిన మూకుడే సగం పారుడు రోగాలకు కారణం.

నల్గొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, రెక్కలు దూరంగా పెట్టి వేడిని వదులుకుంటుంది. ఆ నెలల్లో ఇలా చేయండి:

- మేత తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడుతుండగా. మధ్యాహ్నం వేయకూడదు, అరిగించుకునే పని ఒంటి వేడిని పెంచుతుంది.
- నీళ్లు రోజుకు మూడుసార్లు మార్చాలి. ఒక పూట ఓఆర్ఎస్ కలపండి.
- వేప, చింత, బత్తాయి చెట్ల కింద నేల తడిపి ఉంచితే అక్కడే గుంటలు తవ్వుకుని పడుకుంటాయి.
- మధ్యాహ్నం కోళ్లను పట్టడం, టీకా వేయడం, సంచిలో ప్రయాణం చేయించడం వద్దు.

ఎండదెబ్బ తగిలి పడిపోయిన కోడిని నీడకు తెచ్చి, మెడ దాకా మామూలు చల్లని నీళ్లలో ముంచి, తేరుకున్నాక కొద్దికొద్దిగా తాగించండి. ఐసు నీళ్లు వద్దు. నోట్లో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

7. కోడిని చూసి అర్థం చేసుకోవడం

రోజుకు ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ చూడాలి. తలుపు తీసేటప్పుడు పక్కన నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న కోళ్లు తోసుకుంటూ దూకుతాయి. చివరగా, నిదానంగా దిగేదాన్ని చేతిలోకి తీసుకోండి.

తల మీది జుట్టు ఎర్రగా నిండుగా ఉంటే గుడ్లు పెడుతోంది. పాలిపోతే పేలు, పిడుదులు లేదా కడుపులో పురుగులు. నీలంగా మారితే ప్రమాదం.

రెట్ట గోధుమ రంగులో ఉండి పైన తెల్లని మూత ఉండటం సహజం. రోజుకు ఒకటి రెండుసార్లు జిగటగా, ముదురు రంగులో పడే రెట్ట కూడా సహజమే, దానికి భయపడవద్దు. పచ్చగా నీళ్లలా ఉంటే కోడి తినడం లేదని అర్థం, కొక్కెర తెగులు కావచ్చు (దాని గుర్తులు తొమ్మిదో భాగంలో ఉన్నాయి). వానాకాలంలో పిల్లల రెట్టలో రక్తం కనబడితే రక్తపారుడు. ఆ రోజే తడి ఊక తీసేసి, పశువైద్యుడి దగ్గర మందు తీసుకోండి. ఒక్క రోజు ఆలస్యమైనా పిల్లలు దక్కవు.

రాత్రి కోళ్లన్నీ సద్దుమణిగాక గూటికి చెవి పెట్టి వినండి. పగటి సందడిలో వినబడని గురగుర అప్పుడు తెలుస్తుంది.

పెట్ట గుడ్లు పెడుతోందా లేదా అన్న అనుమానం వస్తే, దాని వెనుక భాగంలో రెండు ఎముకల మధ్య వేళ్లు ఆనించండి. రెండు వేళ్లు పడితే పెడుతోంది. ఒక్క వేలు కష్టంగా పడితే పెట్టడం లేదు. పెడుతున్నా గూట్లో గుడ్డు కనబడకపోతే ఏ కంచె మూలలోనో దాస్తోంది. ఒక పొద్దున దాన్నే వెంబడించి చూడండి. పెట్టెలో గుడ్డు ఆకారం ఉన్న తెల్లరాయి పెడితే అక్కడికే అలవాటు పడుతుంది.

ఏడాదికోసారి ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తాయి. అది రోగం కాదు. కొత్త ఈక రావడానికి మాంసకృత్తులు కావాలి, ఆ నెలన్నర మేత తగ్గించకండి.

కడుపులో పురుగుల మందు మూడు నెలలకోసారి. మోతాదు పశువైద్యుణ్ని అడిగి, కోడి బరువును బట్టి ఇవ్వండి. పేలకు జల్లించిన చల్లటి బూడిద, పొడి మట్టి కలిపి ఒక మూల పోస్తే కోళ్లే పొర్లుతాయి.

8. పొదిగించడం

అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పొదిగించండి. ఏప్రిల్, మే నెలల్లో పెట్ట కూర్చున్నా గుడ్లు వేడికే చెడిపోతాయి, బయటపడిన పిల్లలను ఎండ బతకనివ్వదు.

1. వారం లోపు గుడ్లనే ఎంచండి. ఎండగా ఉంటే నాలుగు రోజుల లోపువి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి వద్దు.
2. గుడ్లను కడగకండి. మొన తిరిగిన వైపు కిందికి ఉండేలా చల్లని చోట ఇసుకలో గానీ ధాన్యంలో గానీ నిలబెట్టండి.
3. పొదిగే పెట్టకు ముందే పేలు వదిలించండి. పేలు కరిస్తే పెట్ట మధ్యలో లేచిపోతుంది.
4. 10 నుంచి 12 గుడ్లు చాలు. పదిహేను పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి.
5. రాత్రిపూట కూర్చోబెట్టండి. మేత, నీళ్లు దగ్గరే పెట్టండి.
6. ఏడో రాత్రి ఫోను వెలుగులో గుడ్డు చూడండి. ఎర్రని నరాల అల్లిక కనబడితే పిల్ల ఉంది. ఖాళీగా మెరిస్తే తీసేయండి.
7. 18వ రోజు నుంచి గుడ్లను ముట్టుకోకండి. 21వ రోజు పిల్లలు వస్తాయి. పెంకులో ఇరుక్కున్న పిల్లను వెంటనే లాగకండి, రక్తనాళాలు తెగుతాయి. చాలావరకు అదే బయటికి వస్తుంది.

9. టీకాలు: వాడ అంతా ఒకే రోజు

ఒక్క వారంలో గూడు ఖాళీ చేసేది సాధారణంగా కొక్కెర తెగులు. రాణిఖేత్ అన్నా అదే. నోరు తెరిచి ఊపిరి తీయడం, పచ్చని, తెల్లని పారుడు, మెడ మెలికలు తిరగడం, కాలు రెక్క పడిపోవడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు. మనుషుల మాత్రలు పొడి చేసి నీళ్లలో కలపడం వల్ల డబ్బు పోవడం తప్ప ఫలితం ఉండదు. టీకా ఒక్కటే దారి.

సాధారణంగా పాటించే వరుస ఇది. మీ పశువైద్యశాలలో చూపించి, మీ ఊరికి తగినట్టు సరిచేయించుకోండి:

- 5 నుంచి 7 రోజులు: లసోటా (కొక్కెర తెగులు టీకా), కంట్లో ఒక చుక్క
- 14వ రోజు: గంబోరో (పిల్లల్లో రోగాన్ని తట్టుకునే శక్తిని దెబ్బతీసే తెగులు) టీకా, కంట్లో చుక్క. కొని తెచ్చిన పిల్లలకు తప్పనిసరి.
- 28 నుంచి 30 రోజులు: లసోటా మళ్లీ
- 6 నుంచి 7 వారాలు: కోళ్ల మశూచి, రెక్క పొరలో సూదితో
- 8 నుంచి 10 వారాలు: ఆర్2బి (కొక్కెర తెగులుకే ఇంకో టీకా), చర్మం కింద అర మిల్లీలీటరు. ఇంతకన్నా చిన్న పిల్లలకు వేయకూడదు. వారం ముందు కడుపులో పురుగులకు మందు వేస్తే టీకా బాగా పనిచేస్తుంది.
- ఆ తర్వాత పెద్ద కోళ్లకు మూడు నాలుగు నెలలకోసారి లసోటా. అందులో ఒకటి ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో పడాలి.

చాలామంది వేయించకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. టీకా సీసాలో వంద మోతాదులో, అంతకన్నా ఎక్కువో ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లాలు తొంభై మోతాదులు పారబోయడానికి మనసొప్పక అసలు కొనదు. పది ఇళ్లు కలిస్తే ఆ చిక్కు తీరుతుంది, పైగా వాడలో రోగానికి చోటే ఉండదు. మహిళా సంఘం సమావేశంలో ఈ మాట పెడితే మనుషులు, డబ్బు, రోజు అన్నీ అక్కడే కుదురుతాయి. మా వాడలో అలాగే కుదిరింది.

1. వారం ముందు ఇల్లిల్లూ తిరిగి కోళ్లు, పిల్లలు ఎన్ని ఉన్నాయో నోటు పుస్తకంలో రాయండి. జబ్బుగా ఉన్నవాటికి టీకా వద్దు, వాటిని వేరుగా రాయండి.
2. ముందు రోజు సాయంత్రం అందరూ గూళ్లు మూసి ఉంచాలి. పొద్దున ఎవరూ తెరవకూడదు. వదిలేసిన కోడిని పట్టడం ఎవరి వల్లా కాదు.
3. టీకా, దాంతో ఇచ్చే ద్రవం రెండూ ఐసు ఉన్న ఫ్లాస్కులో తీసుకురండి. దుకాణం నుంచి ఇంటి దాకా చల్లదనం తప్పితే లోపల ఉన్నది ఉత్త నీళ్లే.
4. తెల్లవారుజామున ఐదింటికి కలపండి. ఒకరు పట్టాలి, ఒకరు చుక్క వేయాలి, ఒకరు రాయాలి.
5. కోడి తల పక్కకు తిప్పి, కన్ను పైకి ఉంచి, ఒక్క చుక్క వేసి, కన్ను మూసి తెరిచేదాకా వదలకండి. చుక్క జారిపోతే మళ్లీ వేయండి.
6. వేసిన కోడి కాలికి రంగు దారం కట్టండి.
7. రెండు గంటలయ్యాక మిగిలిన టీకాను మరిగించి పారబోయండి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడదామని దాచుకోవద్దు.

నీళ్లలో కలిపి ఇచ్చే టీకా అయితే ఇంకో జాగ్రత్త. నల్లాలో వచ్చే భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది టీకాను చంపేస్తుంది. బావి నీళ్లు గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ వాడి, లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. పెరటి కోళ్లలో ఏది ఎంత తాగిందో తెలియదు కాబట్టి నేను కంటి చుక్కనే నమ్ముతాను.

మశూచి దోమలతో వస్తుంది. వానాకాలానికి ముందే టీకా వేయించి, పెరట్లో నిలిచిన నీళ్లు పారబోయండి. జుట్టు మీద లేచిన పొక్కులను గిల్లకండి. వేపనూనెలో పసుపు కలిపి పైపైన రాసి, ఆ కోడిని వేరుగా ఉంచండి.

10. గద్ద, ముంగిస, కుక్క

చిన్న కోడిపిల్లలను ఆరు వారాల దాకా బయటికి వదలకుండా పెద్ద గంప కింద గానీ జాలీ కింద గానీ తిప్పండి. గద్దకు కంది, ఆముదం వంటి ఎత్తు పంటల నీడ అడ్డే గానీ, ఆముదం పక్కన కోళ్లు వద్దని పైన చెప్పాను. పాత చేపల వల ఉంటే పెరటి మూల మీద పరవండి. ముంగిస పగలే వస్తుంది, గూటి కింద కన్నం కనబడిన రోజే రాళ్లు, సిమెంటుతో మూయండి.

11. కోడి చనిపోతే

ఒకటి చనిపోగానే మిగతావాటిని అంగడికి తీసుకుపోయి అమ్మేయడం మన దగ్గర ఎక్కువగా కనబడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ కోళ్లతో రోగం పది ఊళ్లకు పోతుంది, అక్కడి పిల్లల నోటి దగ్గరి గుడ్డు పోతుంది. నా గూడు ఖాళీ అయింది కూడా అలాంటి రెండు పెట్టలతోనే.

- జబ్బు కోడిని వెంటనే వేరు చేయండి, మిగతావాటిని గూట్లోనే మూయండి, పక్క ఇళ్లకు చెప్పండి.
- చచ్చిన కోడిని చెరువులో, కాలువలో, కుక్కలకు వేయకండి. మూడడుగుల గుంత తీసి, కింద పైన సున్నం చల్లి పూడ్చండి.
- ఒక్క రోజులో చాలా కోళ్లు చనిపోయినా, చుట్టుపక్కల కాకులు కూడా రాలుతున్నా బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది కనబడింది. ముట్టుకోకుండా, కోయకుండా, పశువైద్యశాలకు గానీ 1962కు గానీ ఫోను చేయండి. ఇంట్లోని చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

గూడు మొత్తం ఖాళీ అయితే, కొత్త కోళ్లు తెచ్చే ముందు నెల రోజులు ఆగండి. ఊక, గడ్డి కాల్చేయండి, రెట్ట గీకి పూడ్చండి, గూటికి, చుట్టూ నేలకు సున్నం వేసి ఎండలో వదిలేయండి. నీళ్ల మూకుళ్లు మార్చేయండి. ఆ నెలలోనే వాడలో ఎన్ని కోళ్లు మిగిలాయో లెక్క రాసుకుని, టీకా రోజు ఖాయం చేసుకోండి. పిల్లల కోసం ఫోను చేయడం ఆ తర్వాతే.